మేము – మనము: ఒక ద్వీపపాఠశాల, ఒక వ్యాసము

మన తెలుగున 'మేము' అనియు 'మనము' అనియు రెండు మాటలు గలవు. ఎదుటివారిని వెలుపల నుంచి పలుకునది మొదటిది. కలుపుకొని పలుకునది రెండవది. గృహస్థుడు 'మేము భోజనమునకు లేచెదము' అన్నచో వచ్చినవాడు సెలవు పుచ్చుకొనవలసినదే. 'మనము లేచెదము' అన్నచో కాళ్లు కడుగుకొనవచ్చును. ఆంగ్లభాషయందీ భేదము లేదు. రెంటికి నొక్కటే మాట. కావున ఆంగ్లమున వ్రాయువారు తా మెవరిని లోపలికి బిలిచిరో, యెవరిని వాకిట నిలిపిరో తేల్చి చెప్పకయే గ్రంథమును ముగింపవచ్చును. దానిని వెదకి పట్టుకొనుట పాఠకుని పని. అట్లు వెదకి చదువవలసిన యొక చిన్న రచననుగూర్చి యీ నెల ముచ్చటింప దలచితిమి.

అది షార్లెట్ ఫోర్టెన్ అను యువతి వ్రాసిన 'సముద్రద్వీపములలో జీవితము' అను వ్యాసము. 1864వ సంవత్సరము మే, జూన్ నెలలలో 'అట్లాంటిక్ మంత్లీ' యను అమెరికా మాసపత్రికయందు రెండు భాగములుగా వెలువడెను. యుద్ధము సాగుచుండగా ఒక మారుమూల దీవికి బోయి, అప్పుడప్పుడే దాస్యమునుండి విడివడిన కుటుంబముల పిల్లలకు చదువు చెప్పిన ఉపాధ్యాయిని తన యనుభవములను దెలిపిన రచన యిది. పరోపకారార్థము పల్లెలకు బోయినవారి వ్రాతలు లోకమున గొఱతలేక యున్నవి. వానిలో బెక్కింటియందు గానవచ్చునది వ్రాసినవారి త్యాగము. పల్లెయు పల్లెవారును ఆ త్యాగమునకు వెనుక వ్రేలాడు తెర మాత్రమే. ఫోర్టెన్ రచన యట్టిది గాదు. అట్లని దోషరహితమును గాదు. ఆ గుణమును ఆ దోషమును ఒక్క వేరునుండియే పుట్టినవని మా యభిప్రాయము.

ముందుగా స్థలమును గూర్చి రెండు మాటలు. దక్షిణ కారొలైనా రాష్ట్రపు తీరమున నున్న యీ సెయింట్ హెలీనా దీవి నెపోలియను చక్రవర్తి చెఱయుండి మరణించిన దీవి గాదు. పేరు మాత్రమే యొక్కటి. ఈ తీరపు దీవులలో పొడుగు పోగుగల మేలుజాతి ప్రత్తి పండెడిది. పండించినవారు ఆఫ్రికానుండి తేబడిన బానిసలును వారి సంతతివారును. ఫలమనుభవించినవారు తెల్ల భూస్వాములు. 1861 నవంబరు 7వ తేదీన ఉత్తరరాష్ట్రముల నౌకాదళము పోర్ట్ రాయల్ రేవును గెలుచుకొనగానే ఆ భూస్వాములు ఇండ్లను పంటలను విడిచి పారిపోయిరి. ఉత్తరాదివారు మిమ్ము కాల్చి చంపుదురనియు, క్యూబా దీవికి అమ్మివేయుదురనియు యజమానులు వెఱపించినను, సుమారు పదివేలమంది బానిసలు వారి వెంట బోక నిలిచిరి. యుద్ధము 1865లో గాని ముగియలేదు. స్వేచ్ఛ దొరికిన పిదప బ్రదుకెట్లుండునో అంతకు మూడేండ్లకు ముందే యీ దీవులు చవిచూచినవి. 1862 మార్చి నెలలో బోస్టన్, న్యూయార్కు నగరములనుండి యేబదిమందికి పైగా స్త్రీపురుషులు స్వల్పమైన భృతికి అంగీకరించి, చదువు చెప్పుటకును సేద్యము నడపుటకును తామై ముందుకు వచ్చి ఓడనెక్కిరి. సైనికులు వీరిని 'గిడియను దండు' అని యెగతాళి చేసిరి. ఏప్రిలులో లారా టౌన్ అను నామెయు, జూనులో ఆమె చెలికత్తె ఎల్లెన్ మర్రీయు వచ్చి ఒక తోటబంగళా వెనుకగదిలో బడి పెట్టిరి. పిల్లలు పెరిగినకొలది గది చాలలేదు. సెప్టెంబరున బడి ఇటుకలతో గట్టిన ప్రార్థనామందిరమునకు మాఱెను. ఆ మందిరమును 1855లో గట్టినవి బానిసల చేతులే. కాని గట్టినవారికి అందులో నియమింపబడిన చోటు మేడమీది వసారా మాత్రమే. ఇప్పుడు వారి బిడ్డలు దిగువ బల్లలమీద గూర్చుండి యక్షరములు దిద్దుచుండిరి.

అక్టోబరు నెల చివర ఈ బడికి వచ్చినది ఫోర్టెన్. 1837లో ఫిలడెల్ఫియా నగరమున జన్మించినది. తాత జేమ్స్ ఫోర్టెన్ ఓడల తెరచాపలు చేయించి ధనము గడించినవాడు. బానిసత్వ నిర్మూలనోద్యమమున బేరుగన్నవాడు. ఆమె సేలం పట్టణమున జదివి యచ్చటనే ఉపాధ్యాయినిగా బనిచేసెను. నల్లజాతి స్త్రీ, కాని తరతరములుగా స్వతంత్రులైన వారి యింట బుట్టి, పియానోను కావ్యములను ఎఱిగి పెరిగినది. ఆ బడికి ఉత్తరదేశమునుండి వచ్చిన నల్ల ఉపాధ్యాయినులలో ఆమెయే మొదటిది. ఈ సంగతి పాఠకులు మనస్సున నుంచుకొందురుగాక.

ఇక రచనయొక్క గుణము. ఈ యుపాధ్యాయిని చూపు తనమీద గాక విద్యార్థులమీద నిలిచినది. మొదటి దినము తనకు మిక్కిలి ప్రయాసయైనదని దాచక యొప్పుకొనును. అక్షరములు నేర్చు వయస్సైన రాని పసివాండ్రు బడినిండ నున్నారట. ఏలయన, తల్లిదండ్రులు పొలమునకు బోవునపుడు చంటివారిని పెద్దపిల్లల కప్పగించి పోయెదరు. చంటివారిని దీసికొని రానిదే పెద్దపిల్లలు బడికి రాజాలరు. కావున ఉపాధ్యాయినులు అందఱిని రానిచ్చిరి. చెల్లెలిని చంకనిడుకొని వాకిట నిలిచిన బాలికను జూచి 'చంటిదానిని ఇంట వదలి రమ్ము' అని త్రిప్పి పంపిన బళ్లు లోకమున నెన్నియో గలవు. అట్లు పంపిన బడికి ఆ బాలిక మఱల రాదు. ఫోర్టెన్ ఈ విషయమును గొప్పగా జెప్పికొనలేదు. పని జరుగుటకు అదియే మార్గమని చెప్పి ముందునకు సాగినది.

పెద్దపిల్లలు వేసవిలో తెల్లవాఱినది మొదలు పదునొకండు పండ్రెండు గంటలవఱకు ఎండలో పొలము పనిచేసి, పిమ్మట బడికి వచ్చి, అలసట యెఱుగనివారివలె జదువుచుండిరి. అఱువది యేండ్లకు దక్కువగాని యొక ముదుసలి, బిడ్డలును మనుమలును గలది, చలికాలమంతయు పసివారి వరుసలో గూర్చుండి పాఠము చెప్పించుకొనెను. మఱియొక తల్లి చంటిబిడ్డను ఒడినుంచుకొని ప్రతిదినమును వచ్చెను. హారీ యను పొలముపెద్ద పగలెల్ల పని చూచుకొని రాత్రులందు వచ్చి చదువు నేర్చెను. నేర్వవలెనను పట్టుదలలో అతనిని మించినవారిని చూడలేదని యామె వ్రాసెను. 1834లో దక్షిణ కారొలైనా ప్రభుత్వము బానిసలకు చదువు నేర్పుటను నేరముగా జేసి శాసనము పుట్టించినది. అట్టి శాసనము క్రింద పుట్టి పెరిగినవారికి చదువునం దింత యాకలి యెట్లు గలిగినదని ఫోర్టెన్ ఆశ్చర్యపడును. మాకు దోచు సమాధాన మొకటి గలదు. నిషేధింపబడిన వస్తువు విలువ నిషేధించినవాడే చాటి చెప్పును. చదువు వలన యజమానికి భయము గలుగుటను జూచియే బానిస చదువు బలమైనదని గ్రహించెను. ఉపాధ్యాయిని ఆ దీవికి అక్షరములను దెచ్చెనే కాని యాకలిని దేలేదు. దీనిని గుర్తించుటయే యీ రచనకు ప్రాణము.

ఇప్పుడు 'మేము–మనము'ల ప్రశ్నకు వత్తము. దీవికి బోవుత్రోవలో బ్యూఫోర్ట్ పట్టణమున పడవకై వేచియున్నప్పుడు కొందఱు సైనికాధికారులు వీరు నల్లవారికి జదువు చెప్ప వచ్చినవారని తెలిసి, ఆ జాతిని నీచమైన పేరుతో బేర్కొని పరిహసించిరి. జ్వరములు మెండనియు, శవపేటికలు చేయు వ్యాపార మొక్కటే యిచట బాగుగా సాగుచున్నదనియు వెఱపించిరి. ఫోర్టెన్ దీనిని చిఱునవ్వుతో వ్రాసినది. కాని యొక్కసారి యాలోచింపుడు: ఆ తిట్టు ఎవరికి దగిలినది? ఆమె వాక్యము ప్రకారము, తాము చదువు చెప్పబోవు వారికి దగిలినది. ఆ తిట్టు తన చెవిని, తన మేనిని దాకినదని యొక్క యక్షరమైనను లేదు. అటుపిమ్మట బడిలో హైటీ దీవి స్వాతంత్ర్యవీరుడు టూసాన్ లూవెర్త్యూర్ చరిత్రను పిల్లలకు జెప్పితిననియు, తమ వర్ణమువాడొకడు తన జాతికై యేమి చేసెనో వారెఱుగుట మంచిదని తలచితిననియు వ్రాయును. 'వారి' వర్ణమువాడట! 'మా' యని గాని, 'మన' యని గాని యనలేదు. పిల్లల యెదుట నిలిచి చెప్పునపుడు ఆమె యేమన్నదో మన మెఱుగము. పత్రికలో నచ్చైన మాట మాత్రము 'వారి' యనియే.

ఇది పిఱికితనమా? కాదని మా తీర్పు. ఆ పత్రికను జదువువారు అధికసంఖ్యాకులు ఉత్తరదేశపు తెల్లవారు. నల్లవారు చదువగలరా, కూలి యిచ్చినచో దెబ్బలు లేక పని చేయుదురా యని యా దినములలో వారు తర్కించుచుండిరి. అట్టి సభలో నొక నల్ల స్త్రీ 'మేము చదువగలము' అన్నచో అది స్వపక్షవాదమని తీసివేయుదురు. 'వారు చదువుచుండగా నేను జూచితిని' అన్నచో అది సాక్ష్యమగును. సాక్షి యగుటకై ఆమె తన్ను దాను వెలుపల నిలుపుకొనవలసి వచ్చెను. విచిత్రమేమనగా, ఆమె చెప్పని దానిని మఱియొకరు చెప్పిరి. ఈ వ్యాసమును పత్రికకు బంపిన కవి విట్టియర్ తన పరిచయలేఖలో, రచయిత్రి యా చిరపీడిత జాతికి జెందినదే యని తెలిపెను. తన జాతిని తాను చెప్పుకొనుటకైనను ఒక తెల్ల కవి నోరు వలసివచ్చిన కాలమది. ఈ మౌనమునకు దోషభారమును మేము రచయిత్రిమీదగాక చదువరులమీద నుంచెదము.

కాని వేఱొక చోట దోషము ఆమెదే. బడి ముగిసిన పిమ్మట పిల్లలును, ప్రార్థనానంతరము పెద్దలును, వలయముగా దిరుగుచు, చప్పట్లు చఱచుచు, కాళ్లతో తాళము వేయుచు పాడెడి యొక యాచారము ఆ దీవులలో గలదు. దీనిని వారు 'షౌట్' అందురు. ఫోర్టెన్ ఆ పాటల మాధుర్యమునకు బరవశించినది. పడవ నడపువారి పాటను వర్ణించిన పుటలు ఆ రచనలో మిక్కిలి యందమైనవి. అయినను ఈ వలయనృత్యమును గూర్చి తీర్పు చెప్పవలసి వచ్చినప్పుడు, ఇది యాఫ్రికా పూర్వులనుండి వచ్చిన యనాగరికమైన భక్తిరూపమనియు, క్రైస్తవ బోధనలవలన గాలక్రమమున నశించుననియు వ్రాసెను. అది నశింపలేదు. జార్జియా తీరమున నేటికిని ఆ వలయగానమును నిలిపియుంచినవారు గలరు. ఆ దీవులవారి పలుకు చెడిన యింగ్లీషని యా కాలపు ఉపాధ్యాయులు తలచిరి. 1949లో లొరెంజో టర్నర్ అను నల్లజాతి భాషాశాస్త్రజ్ఞుడు అది గల్లా యను ప్రత్యేకభాష యనియు, అందు ఆఫ్రికా భాషలనుండి వచ్చిన పేర్లును మాటలును వేలకొలదిగా గలవనియు గ్రంథముఖమున నిరూపించెను. 2005లో క్రైస్తవుల క్రొత్తనిబంధన మంతయు నా భాషలో నచ్చుపడెను. చెఱిపివేయదగినదని యొక తరము తలచినది మఱియొక తరమునకు వేదవాక్కు పలుకు భాష యయ్యెను.

ఈ ప్రశ్న మనకు గ్రొత్తది గాదు. ఫోర్టెన్ ఆ దీవిలో బడి చెప్పుచుండిన 1863వ సంవత్సరముననే జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి ప్రాంతపు సవరలకు జదువు చెప్పదలచినప్పుడు, ముందుగా తామే సవరలకు శిష్యులై వారి భాషను నేర్చిరి. ఆ భాషలోనే పాఠములు వ్రాసి బడులు పెట్టించిరి. 1931లో సవర వ్యాకరణమును, 1938లో సవర నిఘంటువును బ్రకటించిరి. గ్రాంథికమున వ్రాయుచు మేము గిడుగువారిని బొగడుట కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. నవ్వుదురుగాక, సత్యము సత్యమే. నేర్పుటకు బోయినవాడు ముందు నేర్చుకొనవలెను. ఫోర్టెన్ నేర్చుకొనదగిన దెంతయో యుండగా, దానిని విని యానందించినది గాని దాని యెదుట శిష్యురాలు గాలేదు. పాటను మెచ్చుట వేఱు, పాడువానిని గురువుగా దలచుట వేఱు.

'మనము' అను మాట చర్మపు రంగువలన దానుగా సిద్ధింపదనుటకు మఱియొక నిదర్శనము గలదు. ఆమె బసచేసిన యింటిలోని నల్ల పరిచారికలు మొదట ఆమెకు బనులు చేయుటకు సందేహించిరనియు, ఆమె పియానో వాయింపగా విన్న పిదప ఆదరించిరనియు తోడి కార్యకర్తల లేఖలు చెప్పుచున్నవి. తెల్ల దొరసానికి నీళ్లు దెచ్చి యిచ్చుట వారికి వాడుక. తమవంటి మేనిచ్ఛాయ గల యువతికి ఎందులకు దేవలెను? ఈ సందేహమున దప్పేమున్నది? దాస్యము మనుష్యునికి నేర్పిన లెక్కలు ఒక్క దినమున దుడిచిపెట్టిన బోవు. ఈ సంగతి ఫోర్టెన్ వ్యాసమున లేదు. ఉన్నచో ఆ వ్యాసమింకను గొప్పదై యుండెడిది.

ఆ వ్యాసములోనే 'మనము' అను భావము ఆ ప్రజల నోటనే వినవచ్చిన ఘట్టమొకటి గలదు. 1863 జనవరి 1వ తేదీన దాస్యవిమోచన ప్రకటనను జదివి వినిపించుటకు నల్లసైనికుల శిబిరమున సభ జరిగెను. ప్రకటన చదువబడిన పిదప సేనాధిపతి హిగ్గిన్‌సన్ జెండాను అందుకొనుచుండగా, ఎవరును జెప్పకయే, ఏర్పాటు లేకయే, అచటి నల్లవారు కొందఱు 'నా దేశము' అను జాతీయగీతము నెత్తుకొనిరి. వేదికమీది తెల్లవారు గొంతు గలుపబోగా తాను సైగచేసి వారింపితినని హిగ్గిన్‌సన్ తరువాత దన గ్రంథమున వ్రాసెను. ఆనాటి వఱకు ఆ దేశము వారిది గాదు. వారే దేశమువారి సొత్తు. అట్టివారు ఒకరి యనుమతి గోరక 'నాది' యని పాడిరి. ఫోర్టెన్ ఆ దినమును మహానందముతో వర్ణించినది. ఉపాధ్యాయులెవ్వరును నేర్పని పాఠమది. సేవకు బోయినవారు చేయదగిన పనులలో నొకటి, హిగ్గిన్‌సన్ చేసినట్లు, తగిన సమయమున దమ గొంతు నాపుకొనుట.

ఇక ముగింపు. 1863లో సెలవులకు ఉత్తరదేశమునకు బోయి తిరిగివచ్చుచు, ఓడ పోర్ట్ రాయల్ సమీపించుచుండగా ఆమె కడపటి పుటలు వ్రాసెను. అచ్చట దొలిసారి, తాను మఱల 'నావారి' నడుమ నివసింతునను భావము వచ్చినది. వ్యాసమంతయు 'వారు'గా నుండినవారు చిట్టచివరకు 'నావారు' అయిరి. అయినను ఆ మాటకు ఆమె యుల్లేఖనచిహ్నములు పెట్టినది. అది బైబిలులో షూనేమీయురాలు ప్రవక్తతో బలికిన పలుకు. తన హృదయములోని మాటను జెప్పుటకును ఎరవు మాట గావలసివచ్చెను. ఆ వెనువెంటనే మఱల 'ఒక చిరపీడిత జాతికి' ఏదో చేయగలుగుటకు సంతోషించుచు ముగించినది. ఒక్కసారి లోనికి వచ్చి మఱల గుమ్మముకడ నిలిచినట్లున్నది. మనస్సునకు బాధగలిగించు పుట యిది. రచన కంతకు దలమానికమును నిదియే.

కాలము చేసిన పరిహాస మింకొకటి గలదు. ఆ మాటలు పాఠకులకు జేరునప్పటికి 1864 మే నెలలో ఫోర్టెన్ దీవిని విడిచిపోయినది. సైన్యమున జేరిన తండ్రి ఏప్రిలులో మరణించెను. ఆమె యారోగ్యమును జెడెను. ఇంచుమించు ఏడాదిన్నర మాత్రమే యామె దీవిలో నుండినది. లారా టౌన్ మాత్రము 1901లో మరణించువఱకు, దాదాపు నలువదేండ్లు, అచ్చటనే యుండెను. కావున నిలిచినదే నిజమైన సేవ, వెడలినది భ్రమ యని కొందఱందురు. మే మట్లనము. దేహము సహింపనప్పుడు వెడలుట తప్పుగాదు. ఆ బడి యెవరి ప్రాణముమీదను ఆధారపడక నిలిచెను. పెన్ పాఠశాల యను పేరుతో ద్వీపవాసుల బిడ్డలనే ఉపాధ్యాయులుగా దీర్చి 1948 వఱకు నడచెను. ఇప్పుడా స్థలము జాతీయస్మారకమైనది. వచ్చినవారు పోయినను బడి నిలుచుటయే మంచి బడికి గుఱుతు.

మాకు దీఱని కొఱత యొక్కటియే. హారీని గూర్చి ఫోర్టెన్ యేమి తలచెనో మన మెఱుగుదుము. ఫోర్టెనును గూర్చి హారీ యేమి తలచెనో యెఱుగము. చదువు నేర్చిన యతని చేతి వ్రాత ఒక్క పుట యా వ్యాసమున జేరియున్నచో ఎంత బాగుండెడిది!

మన యిండ్లలో పనిమనిషి కూతురిని సాయంకాలము వసారాలో గూర్చుండబెట్టి యక్షరములు దిద్దించు గృహిణులు గలరు. సెలవులలో మన్యపు బళ్లకు బోయి పాఠములు చెప్పు యువతీయువకులు గలరు. వారి ప్రయత్నము శ్లాఘ్యము. వారు తిరిగివచ్చి వ్రాసిన యుత్తరములను, నివేదికలను ఒక్కమాఱు సీసపుకలము చేతబట్టి చదువుకొందురుగాక. 'మేము వారికి' అను మాట వచ్చిన ప్రతిచోటను ఒక గీటు పెట్టుదురుగాక. అచ్చట 'మనము' అని దిద్దినచో వాక్యము నిజమగునా కాదా యని పరీక్షింతురుగాక. నిజము గానిచో కలముతో దిద్దిన లాభములేదు. వసారాలోని బాలికను ముందు లోపలి గదిలోనికి బిలువవలెను.